కుళాయి కింది అద్దం

మా తోడల్లుడు పోయారన్న కబురు చెరువు గట్టు మీద ఉండగా వచ్చింది. పొద్దున్నే చేపల మేతకని చెరువులో పాతిన గెడలకి తవుడు సంచులు కట్టిస్తున్నాను. ఫోన్ మోగింది. మా ఆవిడ.

"మా చెల్లెలి ఆయన ఇక లేరటండీ" అంది.

నేను అడిగిన మొదటి మాట, "మంచాన పడ్డారా?" అని.

"లేదండీ. కొట్లో కూర్చునే ఉన్నారట. లారీ సరుకు దిగుతుంటే చూస్తూ బస్తాకి ఆనుకున్నారట. టీ తెచ్చినతను పిలిస్తే పలకలేదట. గుండె ఆగిపోయిందంటున్నారు."

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు దుఃఖం రాలేదు. ఇందులో కూడా ఆయనదే పైచేయి అనిపించింది. మంచం లేదు, మందు సీసాలు లేవు, ఇంకొకరి చేత చేయించుకోవడం లేదు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే. ఆ తరవాత పడవ మనిషితో ఒడ్డుకి రమ్మని చెప్పి, గట్టు మీద నడుస్తుంటేనే కళ్ళు మసకబారాయి.

ఆయన మా ఆవిడ చెల్లెలి భర్త. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమిషన్ కొట్టు. నావి కైకలూరు అవతల చేపల చెరువులు. ఇద్దరికీ అత్తవారిల్లు ఏలూరు పక్కన వట్లూరు. మీలో ఎవరికైనా తోడల్లుడుంటే మిగతాది నేను చెప్పక్కర్లేదు. ఒకే గుమ్మంలో అడుగుపెట్టే ఇద్దరు మగవాళ్ళని ఊరంతా కలిసి తూకం వేస్తుంది. ఒకరు బరువు తగ్గితే రెండోవారు పెరిగినట్టే.

నా పెళ్ళి ముందు జరిగింది. ఆయన వచ్చే దాకా ఆ ఇంటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణి. కాళ్ళకి నీళ్ళ చెంబు ముందు నాకే వచ్చేది, మొదటి విస్తరి నాకే పడేది. కొరమీను పులుసు పెడితే నడిమి ముక్క నాదే. ఆయన వచ్చాక మా అత్తగారికి చిక్కొచ్చి పడింది. రెండు నడిమి ముక్కలున్న చేప ఏ చెరువులోనూ పెరగదు. మొదటిసారి ఇద్దరం పక్కపక్కన కూర్చున్నప్పుడు ఆవిడ గరిటె కాసేపు గాల్లో ఆగింది. ఆయన అది చూసి, "నాకు తోక ముక్కంటేనే ఇష్టమండీ" అన్నారు. ఆవిడ ముఖం విచ్చుకుంది. నడిమి ముక్క నాకే వచ్చింది. మంచి పేరు మాత్రం తోక ముక్కతో పాటు ఆయన విస్తట్లోకి పోయింది.

సన్నగా, పొట్టిగా ఉండేవారు. బట్టలు ఎన్నిసార్లు ఉతికినా ఉల్లిపాయ వాసన వదిలేది కాదు. గొంతు ఎప్పుడూ పెద్దది చేసేవారు కాదు. వేలంపాటలో కూడా పక్కవాడికి రహస్యం చెప్తున్నట్టే ఉండేది ఆయన పాట. బస్తా విప్పగానే ఒక పాయ తీసి మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూసేవారు. ఆ నొక్కడం ఆయనకి ఎంత అలవాటంటే, బల్ల మీద పెట్టిన బత్తాయి పండునీ, కొత్త దిండునీ, చివరికి మా అబ్బాయి స్కూటర్ టైరునీ అలాగే నొక్కేవారు.

ఆయనకి షుగరుందని ముప్పై దాటిన కొత్తలోనే తెలిసింది. అది వాళ్ళ ఇంటి జబ్బు. నాన్నగారు, ఇద్దరు అన్నలు అదే కొట్లో, అదే గల్లాపెట్టె దగ్గర కూర్చుని, జుట్టు నెరవకముందే వెళ్ళిపోయారు. "మా ఇంట్లో మగవాళ్ళ ఫొటోలన్నిట్లోనూ నల్ల జుట్టే ఉంటుందండీ" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. భయపడాల్సిన దానికి నవ్వే మనిషి పక్కన మనం చిన్నబోతాం.

ఆ ఏడు ఉగాదికి ఇద్దరం వట్లూరు వెళ్ళాం. బొబ్బట్లు. మా అత్తగారు నేతి గిన్నెతో వచ్చి ఆయన విస్తరి మీదకి వంగారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. అల్లుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

"ఏమండీ చిన్నల్లుడుగారూ, నా చేతి వంట చేదయిందా?" అన్నారావిడ.

"లేదండీ అత్తయ్యగారూ. తీపయింది. నా వాటా కూడా అన్నయ్యగారికే వేయండి."

ఆవిడ అలాగే వేశారు. నేను అలాగే తిన్నాను. "అల్లుడంటే పెద్దల్లుడుగారిలా తినాలండీ" అన్నారావిడ, అందరూ వినేలా. చాలా రోజుల తరవాత తక్కెడలో నా తట్ట కాస్త కిందికి దిగినట్టనిపించింది. అప్పటికి నాకూ షుగరు వచ్చింది. ఆ సంగతి నాకూ డాక్టరుకీ మాత్రమే తెలుసు.

తరవాత తరవాత ఆయన వ్యవహారం ముదిరింది. పండక్కి వస్తే సంచిలో చీరా జాకెట్టు ముక్కలతో పాటు బీపీ చూసే మిషను, వేలు పొడిచి షుగరు చూసే మిషను వచ్చేవి. పొద్దున్నే కాఫీ పడకముందే అందరినీ వరండాలో కూర్చోబెట్టి వేళ్ళు పొడిచేవారు. మా బావమరిది మెత్తటివాడు, పారిపోయేవాడు. "మీరు డాక్టరా, దోమా బావగారూ?" అని దొడ్లోంచి అరిచేవాడు. "దోమనేనండీ. కాకపోతే జబ్బు అంటించి పోను, చెప్పి పోతాను" అనేవారీయన. ఉల్లిపాయలు నొక్కే బొటనవేలు మనుషుల కాళ్ళ మీదకి వచ్చింది. చీలమండ పైన నొక్కి, గుంట పడి అలాగే ఉంటే, "నీరు పడుతోందండీ, ఓసారి చూపించుకోండి" అనేవారు. మా అత్తగారికి కిడ్నీలు దెబ్బతినబోతున్నాయని మొదట పట్టింది ఆ వేలే. ఉప్పు తగ్గించి, మందు మార్చి డాక్టర్లు నిలబెట్టారు. ఆవిడ ఇప్పటికీ డయాలసిస్ మొహం చూడలేదు. జరగబోయి ఆగిపోయింది కాబట్టి ఊళ్ళో ఎవరికీ అది వార్త కాలేదు.

నా విషయం వేరు. నాది వార్తే. గుండెకి బైపాస్ చేశారు. అప్పట్లో రొమ్ము ఎముక కోసి తెరిచి, కాల్లోంచి రక్తనాళం తీసి అక్కడ కుట్టడమే. మెడ కింద నుంచి పొట్ట దాకా ఒక గీత, పిక్క పొడుగునా ఒక గీత. దగ్గొస్తే దిండు గుండెకి అదుముకుని దగ్గాలి. ఇంటికొచ్చాక చుట్టాలు బస్సుల మీద వచ్చారు. నేను చొక్కా గుండీలు విప్పితే ఆడవాళ్ళు నోటి మీద చెయ్యి పెట్టుకునేవారు. అబద్ధమెందుకు, నాకది బాగుండేది. జీవితంలో ఒక్కసారైనా తోడల్లుడి దగ్గర లేనిది నా దగ్గర ఉంది.

ఆయనా వచ్చారు. గీతని చివరి దాకా చూసి, "చాలా ఓర్చుకున్నారండీ అన్నయ్యగారూ" అన్నారు. వెళ్తూ వెళ్తూ మా ఆవిడకి నడక గురించీ, నూనె గురించీ అరగంట చెప్పి వెళ్ళారు.

కొన్నేళ్ళకి ఆయన గుండెలో ఒక వాల్వు బిగుసుకుపోయింది. మెట్లెక్కితే ఆయాసం. ఇక ఆయనకీ గీత తప్పదని అనుకున్నాను. కోరుకున్నానని రాయలేను, కోరుకోలేదని కూడా రాయలేను. బెజవాడలో చేశారు. చూడ్డానికి ఇల్లంతా బయలుదేరే లోపు ఆయనే గూడెం వచ్చేశారన్నారు. వెళ్తే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చొక్కా జేబులో దువ్వెన.

"ఏదండీ, చూపించండి" అంది మా ఆవిడ.

"చూపించడానికేం లేదండీ వదినగారూ. తొడ దగ్గర చిన్న చిల్లు. అందులోంచి గొడుగు ముడిచినట్టు కొత్త వాల్వు పంపి, గుండెలోకి వెళ్ళాక విప్పారు. అంతే."

"ఎముక కొయ్యలేదా?"

"లేదండీ."

అందరూ నా వైపు తిరిగారు. మా మరదలు జాలిగా, "పాపం బావగారికి అప్పట్లో అలా కోసేశారు" అంది. నా గుండె మీద గీత ఆ వాకిట్లో ఒక్కసారిగా పాతబడిపోయింది. కొత్త మోటారు వచ్చాక గట్టు మీద పడేసిన పాత ఇంజనులా కూర్చున్నాను. వాళ్ళిచ్చిన టీ కూడా చప్పగా ఉంది. అందులో చక్కెర లేదు మరి.

ఇక అద్దం సంగతి చెప్పాలి. ఆయన్ని గుర్తు చేసుకోవడమంటే నాకు అదే.

షుగరున్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ పోతుంది. ముల్లు దిగినా తెలియదు. రోజూ అరికాళ్ళు చూసుకోమని డాక్టరు చెప్పారట. ఈయనకి నడుం వంగదు. అందుకని వాళ్ళింట్లో కుళాయి దగ్గర గోడకి, నేలకి జానెడు ఎత్తులో, కొంచెం పైకి వాలేలా అద్దం బిగించుకున్నారు. కాళ్ళు కడుక్కుని, ఒక్కో కాలే ముందుకి ఎత్తితే అరికాలు అందులో కనపడుతుంది. అది బాగుందని వట్లూరు అత్తవారింట్లోనూ పెట్టారు. మా అత్తగారి పాత బీరువా తలుపుకున్న అద్దం అది. ఓ మూల పగిలింది.

మా బావమరిది ఊరుకుంటాడా? "కాళ్ళకి కాటుక పెడతారా బావగారూ?" అన్నాడు. పెరట్లో పుంజు ఒకటి ఆ అద్దంలో పుంజుని చూసి రోజూ తగువేసుకునేది. ముక్కు వాచిపోయేలా పొడిచేది. అయినా నాలుగు రోజులకి అందరికీ అలవాటైపోయింది. కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లోకి రావడం ఎటూ లేదు. కడుక్కున్నాక ఒక్కో కాలే ఎత్తి చూసుకోవడం వచ్చి చేరింది. ఆయన ఉంటే మెట్టు మీద నిలబడేవారు. ఎవరైనా ఒక కాలు చూసుకుని లోపలికి నడవబోతే ఒకటే మాట.

"రెండోది కూడా అండీ."

ఆ ఇంట్లో కాళ్ళకి నీళ్ళు ముందు పెద్దల్లుడికి ఇవ్వడం ఆచారం. చెంబు నాకే ఇచ్చేవారు. కానీ కడిగాక అందరి చూపూ మెట్టు మీదున్న మనిషి వైపే. చెంబు నాది, పెత్తనం ఆయనది. నేను అద్దం వైపు చూడకుండా తువ్వాలు అందుకుని లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

నా పాదానికి గాయమైంది చెరువులోనే. వల లాగే రోజు. ఏ నత్త గుల్లో, చేప ముల్లో, నాకు తెలియనే తెలియదు. ఎడమ కాలి చిటికెన వేలి కింద పుండు పడిందని దుప్పటికి మరక అయితే చూశాను. మా చెరువుల్లో చేపలకి ఒంటి మీద ఎర్ర పుండ్లు వస్తాయి. దానికో మందుంది. నీళ్ళలో కలిపి చల్లితే వారంలో మాడిపోతాయి. చేప పుండు మానగా లేంది నా పుండు మానదా అనుకున్నాను. ఆ మందు చిక్కగానే, దూది ముంచి అద్దుకున్నాను. మంట పుట్టలేదు. మంట లేదంటే మందు పని చేస్తోందనుకున్నాను. చేపల వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పని అది. మంట ఎందుకు లేదో అడగాలని కూడా తోచలేదు.

మా అత్తగారి పుట్టిన రోజని మనవలు కేకు తెప్పించారు. వట్లూరు వెళ్ళాం. కాళ్ళు కడుక్కున్నాను. ఆ రోజు ఎందుకో కుడికాలు ఒకటి అద్దం ముందు ఎత్తి దించాను. చూశారు కదా, ఇక వదిలేస్తారని.

"రెండోది కూడా అండీ అన్నయ్యగారూ."

"అది బాగానే ఉంది లెండి."

"బాగున్నదాన్నే చూపించండి."

"ఏమండీ, మీ కొట్టు కాదండీ ఇది, బస్తా విప్పి చూడ్డానికి" అన్నాను. గొంతు కొంచెం లేచింది.

ఆయన మెట్టు దిగి వచ్చారు. నడుం వంగని మనిషి, పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, నా ఎడమ కాలు చేతుల్లోకి తీసుకున్నారు. పెళ్ళిలో మామగారు కడిగాక నా కాలు ఇంకొకరి చేతిలో పడటం అదే. వాసన చూశారు.

"ఉల్లిపాయ పైన బాగానే ఉంటుందండీ. అడుగున కుళ్ళుతుంది. నాకు మీరు కుళాయి దగ్గరికి రాగానే ముక్కు చెప్పింది" అన్నారు నెమ్మదిగా. తరవాత లోపలికి కేకేశారు. ఆయన కేకేయడం నేను విన్నది ఆ ఒక్కసారే. "కారు తీయించండి."

మా నాన్నగారి కాలు తొడ దాకా తీసేశారు. అదే జబ్బు, అదే పాదం. అప్పుడు మావి వరి చేలు. తరవాత ఆయన బతికినన్నాళ్ళూ అరుగు మీద కుర్చీలో కూర్చుని, లుంగీ ఖాళీగా వేలాడే చోట గోక్కునేవారు. ఎవరైనా పొలం నుంచి వస్తే, "నీరు ఎందాకా వచ్చింది?" అని అడిగేవారు. కారులో కూర్చున్నప్పుడు నా కళ్ళ ముందు ఆ కుర్చీయే ఉంది. చెరువు గట్టు మీద తెల్లవారి నడవలేనివాడు చేపల మనిషి కాడు. నీళ్ళ రంగు చూడాలి, చేప పైకొచ్చి నోరు తెరుస్తోందేమో చూడాలి. ఫోన్లో అడిగి చేసే పని కాదది.

ముందు చూసిన డాక్టరు మోకాలి కింద తీసేయాల్సి రావచ్చన్నారు. పుండు కన్నా లోపల రక్తం పారకపోవడం పెద్ద చిక్కన్నారు. నేను గోడకేసి తిరిగి పడుకున్నాను. మా తోడల్లుడు మంచం పక్కన నిలబడి, "తీసే ముందు నాళాల డాక్టరుకి చూపిద్దామండీ. చేలోకి నీరొచ్చే బోదె పూడిపోతే చేను అమ్మేసుకుంటామా? పూడిక తీయిస్తాం" అన్నారు. ముందు చూసిన డాక్టరే, "అవునండీ, ఇప్పుడు చాలామందికి చేస్తున్నారు, ఆలస్యం చెయ్యకండి" అని చీటీ రాసిచ్చారు.

బెజవాడలో నాకు మత్తివ్వలేదు. తొడ దగ్గర మాత్రం తిమ్మిరెక్కించారు. సన్నటి తీగ ఒకటి కాల్లోకి దింపి, మూసుకుపోయిన చోట చిన్న బుడగ ఊదుతారని చెప్పారు. పక్కన టీవీలో నా కాలు కనపడుతోంది. రక్తం పారే దారి నల్ల గీతలా మోకాలి కింద దాకా వచ్చి ఆగిపోయింది. ఆ కిందంతా ఏమీ లేదు, ఎండిన మడిలా. డాక్టరు ఏదో అన్నారు, ఎవరో ఏదో తిప్పారు. కాసేపటికి ఆ గీత కదిలింది. సన్నగా, వంకరగా, లాకులు ఎత్తినప్పుడు బోదెలోకి నీరు దిగినట్టు పాదం దాకా దిగింది. మా నాన్నగారు అడిగే మాట గుర్తొచ్చింది. నీరు ఎందాకా వచ్చింది.

తరవాత చిటికెన వేలూ, దాని పక్కన చచ్చిన కండా తీసేశారు. కాలు మిగిలింది. బయటికి తెచ్చాక మా తోడల్లుడు దుప్పటి ఎత్తి, నా పాదం మీద బొటనవేలితో నొక్కి, వదిలి చూశారు. తెల్లబడి, మళ్ళీ రంగొచ్చింది. "పారుతోందండీ" అన్నారు.

మా ఊళ్ళో ఇక అదే మాట. తోడల్లుడు చూడబట్టి ఈయన కాలు దక్కిందని. బజారుకెళ్తే ఐసు కొట్టువాడూ అదే, మేత కొట్టువాడూ అదే. నడుస్తున్నది నేను. కాలు నాది, పేరు ఆయనది. బూటు వేసుకుని గట్టు మీద మొదటి రోజు నడిచినప్పుడు కూడా మా పడవ మనిషి, "చిన్నల్లుడుగారి చలవండీ" అన్నాడు. ఆ రోజు వాడికి పని ఎక్కువ చెప్పాను.

కృతజ్ఞత నోటితో చెప్పుకోవడం మా వైపు మగవాళ్ళకి రాదు. మంచి శీలావతి చేప ఒకటి పట్టించి, ఐసులో పెట్టి గూడెం పంపాను. నడిమి ముక్క ఆయన్నే తినమన్నానని మా ఆవిడ చేత చెప్పించాను. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"అన్నయ్యగారూ, నడిమి ముక్క తిన్నానండీ. ముల్లు గుచ్చుకుంది."

"మా చేపకి అన్ని ముళ్ళుండవండీ."

"ఉన్నాయండీ. మీ పెంపకం కదా."

ఇద్దరం నవ్వాం. ఆ తరవాత కూడా నాకు ఆయనంటే కుళ్ళు పోలేదు. ఉన్న చోటే ఉంది. కాకపోతే ఫోన్ రాకపోతే నేనే చేసేవాణ్ణి.

పెద్ద కర్మ గూడెంలో చేశారు. మార్కెట్టు వాళ్ళు, లారీల వాళ్ళు, చాలామంది వచ్చారు. భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నాం. మా అత్తగారి వైపు పెద్దాయన ఒకరు, నోట్లో వక్కపొడి వేసుకుని మొదలుపెట్టారు.

"ఏం తిన్నాడండీ, ఏం అనుభవించాడండీ. ఉప్పు లేదు, తీపి లేదు. పొద్దున్నే రైలు స్టేషను ప్లాట్‌ఫారం మీద నడకలు, సూదులు, మిషన్లు. ఏం ఆగింది?" అని నా భుజం మీద చెయ్యి వేశారు. "ఈయన్ని చూడండి. బొబ్బట్టు వద్దనలేదు, వేట మాంసం వద్దనలేదు. గుండ్రాయిలా ఉన్నారు. అదీ మనిషంటే."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. కుర్చీల వెనక, గుమ్మం పక్కన మా మరదలు నిలబడి ఉంది. చేతిలో మంచినీళ్ళ జగ్గు. అడుగు ముందుకి పడలేదు, వెనక్కీ పడలేదు. భర్త ముప్పై ఏళ్ళకి పైగా బతికిన తీరంతా ఆ పెద్దాయన వక్కపొడితో పాటు నమిలేస్తుంటే వింటోంది.

పెళ్ళయినప్పటి నుంచీ నేను కోరుకున్నది అదే. నలుగురిలో, ఆయన ఇంటి ముందే, ఆయన కన్నా నన్ను పై మెట్టు మీద నిలబెట్టారు. ఎదురు తూకం వేయడానికి ఆయన లేరు. ఆ గెలుపు నోట్లో పెట్టుకుంటే ఉప్పూ లేదు, తీపీ లేదు.

నేను వంగి ఎడమ బూటు విప్పాను. మేజోడు లాగాను. పాదం ఎత్తి ఎదుటి కుర్చీ మీద పెట్టాను. కర్మ ఇంట్లో చేయదగ్గ పని కాదు.

"ఇదేంటండీ?" అన్నారు పెద్దాయన, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

"గుండ్రాయండీ" అన్నాను. "ఒక వేలు లేదు చూడండి. మిగతాది ఆయన చూడబట్టి ఉంది. లేకపోతే ఇవాళ నన్ను మోసుకుని తెచ్చేవారు."

ఆయన ఏదో అనబోయారు. నేను ఆగలేదు. "లోపల హాల్లో వాళ్ళ ఫొటోలున్నాయి, వెళ్ళి చూడండి. నాన్నగారు, అన్నలు. అందరిదీ నల్ల జుట్టే. ఆ ఇంట్లో మగవాడు మనవణ్ణి ఎత్తుకున్నది లేదు. ఈయన ఎత్తుకున్నారు. బడికి దింపారు. ఇవాళ పెట్టిన ఫొటోలో జుట్టు తెల్లగా ఉంది. అదండీ ఆగింది."

మా మరదలు వచ్చి ముందు ఆ పెద్దాయనకే మంచినీళ్ళు పోసింది. తరవాత నాకు పోస్తూ, "మేజోడు వేసుకోండి బావగారూ, దుమ్ము" అంది.

కోత కనపడుతుంది. కుట్టు కనపడుతుంది. జరగకుండా ఆగినదానికి మచ్చ ఉండదు. నేను ఇన్నేళ్ళూ చొక్కా విప్పి చూపించాను. చూపించడానికేం లేదండీ అన్న మనిషిని చూసి ఏడ్చాను.

మర్నాడు మరదల్ని పుట్టింటికి నిద్రకి తీసుకెళ్ళాం. వట్లూరు చేరేసరికి ఎండ వాలుతోంది. కుళాయి దగ్గర అద్దం లేదు. చుట్టాల కోసం పెద్ద నీళ్ళ డ్రమ్ము అక్కడ పెట్టించి, అడ్డమొస్తుందని అద్దం తీసి గోడ వారగా ఆనించాడు మా బావమరిది. పుంజు దాని ముందు తచ్చాడుతోంది.

మా అత్తగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కూతుర్ని పట్టుకుని ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక, నన్ను చూశారు.

"పెద్దల్లుడుగారూ, ఆ డ్రమ్ము జరిపించి అద్దం పెట్టండి."

డ్రమ్ము దొర్లించాం. నేను అద్దం తెచ్చి గోడకి ఆనించాను. నా ఎత్తుకి కుదిరేలా పట్టుకున్నాను.

"ఇంకాస్త కిందికండీ" అన్నారావిడ. "ఆయన కొట్టిన మేకులు ఉంటాయి చూడండి."

ఉన్నాయి. ఆ వేళ కూడా ఆయన మేకులకే తగిలించాలా అని లోపల ఒకటి చురుక్కుమంది. అబద్ధం రాయను. తగిలించాను. తీగ బిగించాను. కింద చిన్న చెక్కముక్క పెట్టి ఆయన వాల్చినట్టే వాల్చాను.

మా బావమరిది చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు నాకే ఇచ్చాడు. బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని, గోడ పట్టుకుని ఎడమ కాలు ఎత్తాను. అద్దంలో తడి అరికాలు. వేలు లేని చోట మచ్చ నున్నగా ఉంది. పగుళ్ళు లేవు, ఎరుపు లేదు. కాలు దించి తువ్వాలు అందుకున్నాను.

మెట్టు మీద ఎవరూ లేరు. వెనక మా మరదలు తన వంతు కోసం నిలబడి ఉంది. కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని, రెండో కాలు ఎత్తాను.